అడ్డ కుదుపు

రికార్డు గది, పై అంతస్తు
మార్చి నెలాఖరు

అన్నయ్యకీ, వదినకీ,

మూడో కట్ట మొన్న చేరింది. హారన్ మామ వ్యాను మెట్ల దాకా తెచ్చి, వీధంతా అదిరేలా హారన్ కొట్టి మరీ దింపాడు. కట్ట విప్పగానే అన్నయ్య చీటీ కోసం వెతికాను. ప్రతిసారీ పై ఠావు కింద ఒక ముక్క పెట్టేవాడు కదా, "పిచ్చుకా, తడి చేత్తో ముట్టుకోకు" అనో, "మీ మేడాన్ని ఆ భూతద్దం ఒకసారి తుడుచుకోమను" అనో. ఈసారి ఏమీ లేదు. పాకకి ఫోన్ చేశాను. మోగుతుంది, ఎవరూ ఎత్తరు. వారం నుంచీ ఇదే వరస. ఊరికే కంగారుపడే మనిషిని కానని మీకు తెలుసు. అయినా రాయక తప్పడం లేదు.

ఇక్కడి పని సంగతి అన్నయ్యకి తెలుసు, వదిన కోసం మళ్లీ రాస్తున్నాను. పాత భూముల పటాలు మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. పటాన్ని బల్ల మీద బోర్లా పరిచి, తడిపి, వెనక పిండి జిగురు రాసి, మన కాగితం అంటిస్తాం. ఎండాక ఆ కాగితమే దానికి వెన్నెముక. మిల్లు కాగితం చాలని అందరూ అన్నా, చేతి కాగితమే కావాలని మేడాన్ని ఒప్పించింది నేను. "మా అన్నయ్య తొట్టిలోంచి ఎత్తిన కాగితం తడిలో కూడా నిలుస్తుందండీ" అని ఆవిడ ఎదుట నిలబడి అన్నాను. ఆవిడ భూతద్దంలోంచి కాగితం కన్నా నన్నే ఎక్కువసేపు చూసింది.

మొదటి రెండు కట్టలకీ వంక లేదు. నిన్న మూడో కట్టలోంచి ఒక ఠావు తడిపి ఎత్తాను. పై నుంచి కిందికి గీత గీసినట్టు విడిపోయింది. నేను లాగలేదు. దాని బరువుకి అదే విడిపోయింది. పక్క బల్ల వాళ్లు చూసేలోపు రెండు ముక్కలూ ఉండ చుట్టి బుట్టలో పడేశాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. గుజ్జులో చిత్తు కాగితాలు కలిపారా? దర్జీల దగ్గర గుడ్డ పేలికలు సరిపడా దొరకలేదా? ఒకసారి కాగితమై ఎండిన పీచు మళ్లీ దంపితే పొట్టిదైపోతుందనీ, మొండికేసి పక్క పీచుని పట్టుకోదనీ నాకు చెప్పింది అన్నయ్యే. అట్టలకైతే అది సరే. ఈ పనికి కుదరదు.

వానలు పడకముందే కొలతల వాళ్లు పటాలు చూడటానికి వస్తారు. ఆలోపు ఇంకో రెండు కట్టలు రావాలి. అవీ ఇలాగే ఉంటే ఆర్డరు మిల్లుకి పోతుంది. ఇప్పుడు మన తొట్టికి ఉన్నది ఈ ఒక్క పనే. అది పోతే పాక తలుపు వేసుకోవడమేనని నేను చెప్పక్కర్లేదు.

వెంటనే రాయండి. అన్నయ్యనే రాయమను, వదినా.

మీ పిచ్చుక


కాగితాల పాక
ఏప్రిల్ మొదట్లో

పిచ్చుకకి,

ఉత్తరం అందింది. ఫోన్ పాడైంది. అక్కడ నీ చెవికి మోగుతుందేమోగానీ ఇక్కడ మోగదు. బాగుచేసే అతను రేపు రేపు అంటున్నాడు.

చిత్తు కాగితం ఒక్క గుప్పెడు కూడా కలపలేదు. పేలికలన్నీ నేనే ఏరాను. గుండీలూ హుక్కులూ నేనే పీకాను. రంగు గుడ్డ ఒక్క పోగు వచ్చినా తీసి పారేశాను. దంపుడు మర ఆగిపోతే పట్టా బిగించి మళ్లీ తిప్పాను. గుజ్జు నీళ్లలో వేసి చూస్తే ఎప్పటిలా మబ్బులా విచ్చుకుంది, ఉండ కట్టలేదు. ఇన్ని చేశాక "చిత్తు కలిపారా" అని అడిగితే ఒళ్లు మండదా? కొట్టువాడిని బియ్యంలో రాళ్లు కలిపావా అని అడిగినట్టు అడిగావు. నీ పుట్టింటి తొట్టి అది. నాకన్నా నీకే తెలియాలి.

ఆ ఒక్క ఠావు నీ చేతిలోనే ఎక్కువ నానిందేమో చూసుకో. ఒకటి పోయిందని కట్టంతటినీ అనకు.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. భుజం కాస్త పట్టేసింది, అంతే. చీటీ పెట్టడానికి తీరిక లేకపోయింది. ఆయన మాత్రం ఎప్పుడు ఎక్కువ మాట్లాడారు గనక. నాలుగో కట్ట ఆరుతోంది. గాలి బాగుంది, తొందరగానే పంపిస్తాం.

నువ్వు వేళకి తిను. సెలవు పెట్టి రావాలనే ఆలోచన ఇప్పుడు పెట్టుకోకు. పని చెడుతుంది.

మీ వదిన


రికార్డు గది, పై అంతస్తు
ఏప్రిల్ మధ్యలో

వదినా,

చిత్తు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఉత్తరం రాకముందే నాకు తెలిసిపోయింది. తప్పు నాదే, అడిగేముందు చించి చూడాల్సింది.

మూడో కట్టలోంచి ఇంకో నాలుగైదు ఠావులు తీసి అంచులు చించాను. అడ్డంగా చించితే తేలిగ్గా రాలేదు. వచ్చాక అంచు పొడుగునా నూగు, పిల్లి మీసాల్లా పొడుగాటి పీచు. చిత్తు కాగితమైతే అలా రాదు, రొట్టె ముక్క తుంచినట్టు పొట్టిగా తెగుతుంది. కాబట్టి నీ పేలికలు మంచివే, నీ దంపుడూ మంచిదే.

అదే ఠావుని నిలువుగా చించాను. కత్తిరించినట్టు తిన్నగా పోయింది. ఒక్క పీచు అడ్డం పడలేదు. ఒకటి కాదు, తీసినవన్నీ అంతే. మొదటి కట్టలోంచి ఒకటి తీసి పక్కన పెట్టి చించాను. అది ఎటు చించినా వంకరలు పోయింది, ఎటు చూసినా నూగే.

అంటే పీచంతా ఒకే వైపు పడుకుంది. గుజ్జు నీళ్లలో జల్లెడ చట్రం ముంచి పైకి ఎత్తేటప్పుడు నీళ్లు ఎటు లాగితే అటే పీచు వరస కడుతుంది. నీళ్లు ఇంకా పైన ఆడుతుండగానే అన్నయ్య చట్రాన్ని ఒకసారి ముందుకీ వెనక్కీ, ఒకసారి పక్కలకీ కుదుపుతాడు. అప్పుడే ఒకదాని మీద ఒకటి అడ్డం పడి అల్లుకుంటాయి. ఈ ఠావుల్లో ఆ అడ్డ కుదుపు లేదు. భుజం కాస్త పట్టేసినంత మాత్రాన అన్నయ్య అది మానడు. జ్వరంతో వణుకుతూ కూడా మానలేదు, నేను చూశాను.

వదినా, తొట్టి దగ్గర నిలబడుతున్నది ఎవరు?

అన్నయ్య ఎక్కువ మాట్లాడరని రాశావు. చట్రంతో మాట్లాడేవాడు, గుజ్జుతో మాట్లాడేవాడు, వినేవాళ్లు లేకపోతే కంబళి ముక్కల్ని పట్టుకుని తిట్టేవాడు. నోరు మూసుకోమని నాన్న మొత్తుకోని రోజు లేదు. ఎవరి గురించి రాశావు నువ్వు?

నువ్వు నీళ్లు నమిలితే నేను రేపే బయలుదేరతాను. మేడం సెలవివ్వకపోయినా సరే.

పిచ్చుక


కాగితాల పాక
ఏప్రిల్ మూడో వారం

పిచ్చుకా,

బయలుదేరకు. మొత్తం రాస్తాను, కూర్చుని చదువు.

రెండో కట్ట నీకు పంపిన తర్వాత, ఒక పొద్దున తొట్టి దగ్గర ఆయన చేతిలోంచి చట్రం జారింది. చప్పుడు విని తిరిగి చూశాను. తొట్టి అంచు పట్టుకుని నిలబడే ఉన్నారు, నోరు ఒక పక్కకి పోయింది. హారన్ మామ వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి లేవదు. కుడి కాలు ఈడుస్తున్నారు, కర్రతో నడుస్తారు. మాట పోయింది. పూర్తిగా కాదు, ఒక్క మాట మిగిలింది. "కాదు." అన్నానికి పిలిస్తే కాదు, నీళ్లిస్తే కాదు, అని తాగుతారు. నన్ను పిలవాలన్నా కాదు అనే పిలుస్తారు. ఎప్పుడు కాదంటున్నారో, ఎప్పుడు అవునంటున్నారో కళ్లు చూసి పోల్చుకోవాలి. కొన్నిసార్లు పోల్చుకోలేను. డాక్టరు మాటలు కొన్ని తిరిగి రావచ్చన్నాడు, రాకపోవచ్చనీ అన్నాడు.

నీకు ఫోన్ చేస్తానంటే తీగ గోడలోంచి పీకేశారు, ఎడమ చేత్తో. మళ్లీ తగిలిస్తే మళ్లీ పీకారు. పాడైందని రాసింది అదే. పక్కింటివాళ్లు చూడటానికొస్తే గోడవైపు తిరిగి పడుకుంటారు. నువ్వు వచ్చి చూస్తే ఏమవుతారో నాకు భయం. అందుకు రాయలేదు, హారన్ మామని కూడా నీకు చెప్పనివ్వలేదు. ఇంకోటి కూడా ఉంది, అదీ చెబుతాను. ఆర్డరు మీ అన్నయ్య చేతిని చూసి ఇచ్చారు. ఆ చెయ్యి లేదని తెలిస్తే నీ మేడం కాగితం చూడకుండానే వద్దంటుందనుకున్నాను. నువ్వు అబద్ధం చెప్పలేవు, మొహంలో తెలిసిపోతుంది. నీకు తెలియకపోతేనే మేలనుకున్నాను.

మూడో కట్ట నేనే ఎత్తాను. ఇన్నేళ్లు ఆ పాకలో ఉన్నదాన్ని, రాదా అనుకున్నాను. కానీ నేనెప్పుడూ దింపుడు బల్ల దగ్గరే కదా. తడి ఠావుని కంబళి మీదికి దింపడం, మీద ఇంకో కంబళి పరవడం, మళ్లీ చెయ్యి చాచడం. నా వీపు తొట్టి వైపు. ఆయన నా భుజం మీదుగా చట్రం అందించేవారు, నేను తిరిగి చూసే పని ఉండేది కాదు. ముంచిన చప్పుడు, నీళ్లు కారే చప్పుడు, ఆగిన చప్పుడు, ఇవే నాకు తెలుసు. ఆ చప్పుళ్లన్నీ వచ్చేలా ఎత్తాను. ఠావు తెల్లగా, సమంగా వచ్చింది. ఎండలో పెట్టి చూస్తే మచ్చ లేదు. వచ్చేసిందని మురిసిపోయాను కూడా. ఆయనకి చూపిస్తే "కాదు" అన్నారు. అన్నిటికీ అదే అంటారుగా అని నేను పట్టించుకోలేదు.

నువ్వు చిన్నప్పుడు తొట్టికి ఎదురుగా బోర్లించిన బకెట్టెక్కి గుజ్జు కలిపేదానివని ఆయన చెప్పేవారు. ఆ చేతుల్ని ఎదురుగా చూసింది నువ్వే. కుదుపు ఎలాగో రాయి. ఎంత చిన్న సంగతైనా వదలకుండా రాయి. నాలుగో కట్ట పంపను. దాన్ని మళ్లీ నానబెట్టి గుజ్జు చేద్దామంటే, ఎండిన పీచైపోయింది, నువ్వన్నట్టు మొండికేస్తుంది. అట్టలకి పక్కన పెట్టాను.

వదిన


రికార్డు గది, పై అంతస్తు
ఏప్రిల్ చివర

వదినా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. తర్వాత మొహం కడుక్కుని బల్ల దగ్గరికి వెళ్లి పని చేశాను. ఇంకేం రాయను దాని గురించి. రావద్దన్నావు, రాను. నేను రాలేకపోవడానికి ఇక్కడ ఇంకో కారణం ఉంది, చివర్లో చెబుతాను.

ముందు కుదుపు.

చట్రాన్ని నీ వైపు అంచు కిందికి వంచి ముంచుతావు కదా, అక్కడిదాకా నీకు తెలుసు. నీళ్లలోనే దాన్ని సమంగా చేసి, తిన్నగా పైకి ఎత్తు. పైన గుజ్జు నీళ్లు కుండలో పాలలా నిలుస్తాయి. వెంటనే ముందుకీ వెనక్కీ ఒకసారి. పెద్దగా కాదు, ఒళ్లో పాప ఉలిక్కిపడితే ఊపినంత. వెనువెంటనే కుడికీ ఎడమకీ ఒకసారి. మోచేతులు పక్కటెముకలకి ఆనించుకుని ఉండేవాడు, భుజంతో కాకుండా నడుముతో ఊపేవాడు. నువ్వు చేతులతో ఊపుతావేమో, అలా చేస్తే ఒక మూల దట్టంగా అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఆపడం. పైన తడి మెరుస్తుంటుంది చూడు, ఆ మెరుపు పోయేలోపే ఆపెయ్యాలి. మెరుపు పోయిందంటే పీచు కూర్చుందని. కూర్చున్నాక కదిపితే తెగిపోతుంది, మళ్లీ పట్టుకోదు. "కూర్చున్నవాళ్లని లేపకు" అనేవాడు అన్నయ్య నాతో, బకెట్టు మీద నేను గెంతుతుంటే. నొక్కుడు మర కింద పెట్టినప్పుడు నీళ్లు పోతూ పోతూ పీచుని పీచు దగ్గరికి లాగి వెళతాయి. జిగురు ఉండదు, దారం ఉండదు, అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అడ్డం పడ్డవాటికే పట్టు. పక్కపక్కనే పడుకున్నవాటికి లేదు.

ఇప్పుడు నా సంగతి.

మూడో కట్టలో మొదటి ఠావు తడపగానే విడిపోయిందని రాశాను. అది రెండో రోజు సంగతి. కట్ట వచ్చిన రోజే, కనీసం ఒకటి కూడా చించి చూడకుండా, ఏటి గట్టు పొలాల పటానికి మన కాగితం అంటించేశాను. ఇక్కడున్న పటాలన్నిటిలో పెద్దది అదే. అన్నయ్య కాగితానికి పరీక్షేమిటనుకున్నాను. మిల్లు కాగితమైతే తడిపి చూసేదాన్ని. ఆ కాగితం ఎండి బిగుసుకుని, మధ్యలో నిలువుగా విచ్చుకుంది. విచ్చుకుంటూ పాత పటాన్ని కూడా తనతో లాగింది. సరిగ్గా ఏరు మలుపు తిరిగే చోట పగులు. ఏరు ఏటా గట్టు కోస్తుంది, ఆ గట్టున ఎవరి పొలం ఎక్కడి దాకా అన్నది ఆ పటం చూసే తేల్చాలి. వేరే నకలు లేదు.

పటాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి, పైన రాళ్లు పెట్టాను. ఇంకా ఆరుతోందని మేడంతో చెప్పాను. నువ్వన్నావే నా మొహంలో తెలిసిపోతుందని, ఆవిడకి తెలియలేదు. లేదా తెలిసీ ఊరుకుందో.

దాన్ని మళ్లీ తడిపి, ఆ కాగితం ఒలిచి, వెంటనే మంచి కాగితం మీదికి ఎక్కించాలి. తడిసిన పటం గాలిలో ఆగదు. మంచి కాగితం చేతిలో లేకుండా విప్పలేను. కొలతల వాళ్లు మే నెలాఖరుకి వస్తున్నారు. కట్టంతా అక్కర్లేదు, నిజంగా నిలిచే ఠావులు కొన్ని ముందుగా పంపు. తొందరపడి ఎండలో పెట్టకు, నీడలో ఆరనీ.

అన్నయ్యకి నేనేమీ చెప్పను. నువ్వు చెబుతావో లేదో నీ ఇష్టం.

పిచ్చుక


కాగితాల పాక
మే రెండో వారం

పిచ్చుకా,

నీ ఉత్తరాన్ని తొట్టి పక్క మేకుకి గుచ్చాను. నాకు ముందు ఒకటే వచ్చింది, కుదపడం. ఆపడం రాలేదు. మెరుపు పోయిందో లేదో చూసుకునేలోపు పోయేది. ఠావుల మీద చీమలు పాకినట్టు గాట్లు, నడిమధ్య కిటికీల్లా చిల్లులు. కొన్ని కంబళి మీదికి దింపుతుంటేనే ముద్దయ్యాయి. ఎత్తడం, పారెయ్యడం, ఎత్తడం, పారెయ్యడం. తల ప్రాణం తోకకొచ్చింది. పేలికలు అయిపోతున్నాయని ఒక భయం, నీ పటం ఆ రాళ్ల కింద ఎలా ఉందోనని ఒక భయం.

ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని నేను ఎత్తిన ప్రతిసారీ "కాదు" అంటున్నారు. మొదట విన్నాను. తర్వాత విననట్టు ఉన్నాను. మొన్న మాత్రం ఒంటి కాలి మీద లేచాను. "కాదని నాకూ తెలుసు! అవునెలాగో వచ్చి చూపించండి, లేకపోతే నోరు మూసుకోండి" అన్నాను. ఆ మాట అన్నాక నాలుక కరుచుకున్నాను. నోరు మూసుకోమనడానికి ఆయనకి ఉన్నదే ఒక్క మాట.

కర్ర తీసుకుని వచ్చారు. కర్ర తొట్టికి ఆనించి, పొట్టతో అంచుకి ఆనుకుని, ఎడమ చేత్తో చట్రం ఎడమ కొస పట్టుకున్నారు. రెండో కొస నాది. ముంచడం ఇద్దరం ఒకేసారి కుదరలేదు. ఆయన ముందు ముంచేస్తారు, నేను వెనక. నీళ్లన్నీ నా మీద. "ఆగండి", "కాదు", "అయితే మీరే చెప్పండి", "కాదు", ఇలా అరుచుకున్నాం. హారన్ మామ బయట వ్యాను ఆపి, మేం పోట్లాడుకుంటున్నామనుకుని లోపలికి రాకుండా వెళ్లిపోయాడట.

తర్వాత కుదిరింది. ముందూ వెనకా కుదుపు నాది. అడ్డ కుదుపు ఆయనది, ఆయన కొస లాగుతారు, నేను వదులుగా పట్టుకుని పోనిస్తాను. ఆగడం కూడా ఆయనే. ఎక్కడో ఒకచోట ఆయన చెయ్యి రాయిలా బిగుసుకుంటుంది, అప్పుడు నేనూ బిగపడతాను. మెరుపు చూడాల్సిన పని నాకు లేకుండా పోయింది.

ఇవి అందమైన ఠావులు కావు. ఆయన వైపు దట్టంగా, నా వైపు పలచగా వచ్చాయి. భూతద్దంలో చూడకుండానే తెలుస్తుంది. ఎండిన వాటిలో ఒకదాన్ని నిలువుగా చించుదామని పట్టుకుంటే ఆయన కాదు అన్నారు. ఇది ఏ కాదో నాకు తెలియలేదు. చించవద్దనా, ఇది పనికిరాదనా, బాగుందనా? ఎంతసేపు కళ్లలోకి చూసినా అంతుపట్టలేదు. చించకుండానే పంపుతున్నాను. నువ్వే చించి చూడు.

నువ్వు పటం సంగతి రాసిన పేజీ ఆయనకి చదివి వినిపించాను. దాచలేదు. విని కాదు అని కూడా అనలేదు.

వదిన


రికార్డు గది, పై అంతస్తు
జూన్ మొదట్లో

వదినా,

ఠావులు అందాయి. అంచులు చించాను. నిలువుగా నూగు, అడ్డంగా నూగు. రెండు వైపులా వంకరటింకరగా, మొండిగా. ఒకటి పూర్తిగా నానబెట్టి, బల్ల మీంచి రెండు చేతులతో ఎత్తి, ఊపాను. వేలాడింది, విడిపోలేదు. దట్టంగా ఉన్న వైపుని మడత పెద్దగా ఉన్నచోటికి వచ్చేలా పెట్టుకున్నాను.

అందరూ భోజనానికి వెళ్లిన వేళ పటాన్ని రాళ్ల కింది నుంచి తీసి నీళ్ల తొట్టిలో తడిపాను. జిగురు వదలడానికి చాలాసేపు పట్టింది. కాగితం సగం ఒలిచాక వెనక అడుగుల చప్పుడు. మేడం. కళ్లజోడు మరిచిపోయి భోజనానికి వెళ్లి, దాని కోసం తిరిగొచ్చింది.

"ఇది ఆరుతోందన్నావు" అంది.

అబద్ధం వెతుక్కోవడానికి కూడా టైము లేదు, చేతిలో పటం తడిగా ఉంది. ఒలుస్తూనే చెప్పాను. పరీక్ష చెయ్యకుండా అంటించానని, పగిలిందని, దాచానని. ఆ కట్ట ఎత్తింది మా అన్నయ్య కాదు, మా వదిన అని. ఇప్పుడు బల్ల మీదున్న ఠావులు ఇద్దరూ చెరో పక్క పట్టుకుని ఎత్తినవని. మేడం ఒక తడి ఠావు తీసి అటూ ఇటూ లాగి చూసింది. "ముందు పని పూర్తి చెయ్యి, తర్వాత మాట్లాడదాం" అని, చీర చెంగు దోపుకుని పటం రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి ఎక్కించాం.

ఏరు మలుపు దగ్గర ఒక ముక్క రాలిపోయింది, గోరంత. ఎంత వెతికినా నీళ్లలో దొరకలేదు. అక్కడ ఇప్పుడు మన కాగితం తెల్లగా కనిపిస్తుంది. మేడం దాని పక్కన ఏమీ గీయనివ్వలేదు. పోయింది పోయినట్టే కనపడాలంది. కొలతల వాళ్లు వచ్చి చూశారు, గొణిగారు, కొలుచుకుని వెళ్లారు. పటం నిలిచింది.

నన్ను ఈ ఏడాది పెద్ద పటాల బల్ల నుంచి తీసేశారు. కింది అంతస్తులో దుమ్ము దులిపే పని. పగిలినందుకు కాదు, దాచినందుకని మేడం స్పష్టంగా చెప్పింది.

ఆర్డరు సంగతి. మూడో కట్ట తిరుగు వ్యానులో వస్తుంది. మిగతా కట్టలు తీసుకుంటారు, కానీ ప్రతి కట్టలోనూ కొన్ని తడిపి లాగి చూశాకే. ఒక్కటి విడిపోయినా మొత్తం వెనక్కే. వానల్లో మీకు ఆరడానికి ఆలస్యమవుతుందని చెబితే ఆగుతామన్నారు. ఇంకొకటి, కట్ట మీది చీటీలో "ఎత్తినవారు" అన్నచోట ఎప్పుడూ అన్నయ్య పేరు ఉంటుంది కదా. ఇక అలా కుదరదట. ఎవరు ఎత్తితే వారి పేరే ఉండాలి. అన్నయ్యని ఎలా అడుగుతావో, ఏమంటాడో. అడక్కపోతే కట్ట తీసుకోరు. ఈ ఒక్కటీ తేలేదాకా నాకు నిద్ర పట్టదు.

నన్ను ఇప్పుడైనా రానిస్తావా?

పిచ్చుక


కాగితాల పాక
జూన్ మధ్యలో

పిచ్చుకా,

వానలు మొదలయ్యాయి. పాక లోపల తాళ్లన్నీ ఠావులే, తల వంచుకుని నడవాల్సి వస్తోంది. తాకితే ఇంకా చల్లగా ఉన్నాయి. బూజు పట్టకుండా మూలన కుంపటి పెట్టి రోజంతా కాపలా కాస్తున్నాను. కట్ట ఎప్పుడు అవుతుందో చెప్పలేను. వాటిలో ఏ ఒక్కటి విడిపోతుందో కూడా చెప్పలేను. లాగి చూసేటప్పుడు నువ్వు అక్కడ ఉండవు కాబట్టి ఇంకా భయం.

దుమ్ము దులపడం తప్పు పని కాదు. ముక్కుకి గుడ్డ కట్టుకో.

రా. వచ్చేటప్పుడు అక్కడి దర్జీలని అడిగి తెల్ల పేలికలు తీసుకురా. మీ అన్నయ్య గోడవైపు తిరిగితే తిరగనీ, నువ్వు మాట్లాడుతూ ఉండు. మాట్లాడటం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పేరు సంగతి. అడిగితే ఏం వస్తుందో నాకు తెలుసు. రెండు రోజులు నాలో నేనే సతమతమయ్యాను. ఇవాళ పొద్దున చీటీ మీద ఆయన పేరూ, కింద నా పేరూ రాసి, ఆయన ఒళ్లో పెట్టి, "ఇక నుంచి కట్టలు ఇలా వెళతాయి" అన్నాను. అడగలేదు, చెప్పాను. చదువుకున్నారు. చీటీ తిప్పి వెనక కూడా చూశారు. మళ్లీ నా పేరు దగ్గరికే వచ్చి బొటనవేలు ఆనించి ఉంచారు. తుడిచేస్తారేమో అనుకున్నాను. సిరా ఇంకా ఆరలేదు. కాస్త అలికింది కానీ పేరు పోలేదు.

తర్వాత కర్ర వెతుక్కుని లేచి తొట్టి దగ్గరికి వెళ్లి, చట్రం ఎడమ కొస పట్టుకున్నారు. గుజ్జు ఇంకా కలపనే లేదు, ఆగమన్నాను. ఆగడం లేదు. ఇక రాయలేను, ఆయన నిలబడి ఉన్నారు.

వదిన